ఖర్చు కాలమ్ మార్చుకున్న ఊరు

హైదరాబాద్ నుంచి వరంగల్ హైవే మీద మీరు ఎన్నోసార్లు వెళ్లుంటారు. భువనగిరి గుట్ట దాటి, ఆలేరు దాటి, జనగామ బైపాస్ ఎక్కి సర్రున వెళ్లిపోతాం. ఆ జనగామ జిల్లాలోనే లింగాల ఘనపురం అనే మండలం ఉంది. అందులో ఏనబావి అని ఒక చిన్న పల్లె. మ్యాప్‌లో బాగా జూమ్ చేస్తే తప్ప పేరు కనిపించదు. యాభైకి కాస్త అటూ ఇటుగా కుటుంబాలు, మూడు వందల ఎకరాల లోపు సాగు. గచ్చిబౌలిలో ఒక్క అపార్ట్‌మెంట్ టవర్‌లో ఉండేంత మంది కూడా ఊరు మొత్తం మీద ఉండరు.

ఇంత చిన్న ఊరి గురించి ఈ వారం ఎందుకు మాట్లాడుకోవాలి అంటారా? 2006లో ఈ ఊరు ఊరంతా కలిసి ఒక నిర్ణయం ప్రకటించింది. ఎవరి పొలంలోనూ రసాయన ఎరువు వేయకూడదు, పురుగుమందు కొట్టకూడదు, జన్యుమార్పిడి విత్తనం పెట్టకూడదు. ఒకరిద్దరు ఆదర్శ రైతులు చేసిన పని కాదిది, ఊరు మొత్తం పెట్టుకున్న కట్టుబాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలా ఊరంతా ఒక్కమాట మీద నిలబడిన మొదటి ఊళ్లలో ఏనబావి ఒకటి.

ఆర్గానిక్ అనగానే మనకు సూపర్ మార్కెట్‌లో ఆకుపచ్చ లేబుల్, పక్కనే డబుల్ రేటు గుర్తొస్తాయి. ఆరోగ్యం, డిటాక్స్, మిల్లెట్ లడ్డూ... ఆ టాపిక్ మీద రీల్స్ చాలానే ఉన్నాయి. నాకు ఏనబావిలో ఆసక్తిగా అనిపించింది వేరే. అది ముందు లెక్కల కథ. రైతు లెక్కలో ఉన్న అంకెల్లో తన చేతికి అందే ఒకే ఒక్క అంకెను ఒక ఊరు ఎలా పట్టుకుందో చెప్పే కథ.

మూడు అంకెలు, ఒక ఫార్ములా

సేద్యం ఆదాయం ఫార్ములా ఆరో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది. దిగుబడిని ధరతో గుణించి, ఖర్చు తీసేయాలి. మిగిలింది రైతుది. మూడే వేరియబుల్స్.

మొదటిది దిగుబడి. అది సగం వాన చేతిలో ఉంటుంది. జూన్‌లో విత్తనం పెట్టాక ఇరవై రోజులు చినుకు లేకపోతే మళ్లీ విత్తాలి. పత్తి పగిలే టైమ్‌లో తుపాను పట్టుకుంటే చెట్టు మీదే నల్లబడుతుంది.

రెండోది ధర. 2025-26 సీజన్‌కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సీసీఐ కేంద్రంలో పత్తి కొనాలంటే తేమ 12 శాతం దాటకూడదు. 8 శాతం దాటిన దగ్గర్నుంచే రేటులో కోత మొదలవుతుంది. మంచులో తడిసిన పత్తిని ఆరబెట్టడానికి చోటు లేనివాళ్లకి, రేపటికల్లా కూలీలకు డబ్బులు ఇవ్వాల్సినవాళ్లకి ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు.

ఇక మిగిలింది మూడోది, ఖర్చు. కనీసం ఇదైనా రైతు చేతిలో ఉంటుందనుకుంటాం. ఉండాల్సిన మాట నిజమే.

జాతీయ గణాంక కార్యాలయం 2018-19 వ్యవసాయ సంవత్సరం మీద చేసిన సర్వే ఒకటుంది. అందులో దేశంలో సగటు రైతు కుటుంబం నెల ఆదాయం 10,218 రూపాయలు. దాంట్లో పంట మీద వచ్చేది 3,798 అయితే, కూలీ, జీతం రూపంలో వచ్చేది 4,063. అంటే కాగితం మీద 'రైతు కుటుంబం' అని రాసి ఉన్న ఇల్లు కూడా పంట కంటే కూలి మీదే ఎక్కువ సంపాదిస్తోంది. అదే సర్వేలో అప్పున్న రైతు కుటుంబాలు దేశం మొత్తం మీద సగం. మన దగ్గరో? తెలంగాణలో 91.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం. పది ఇళ్లలో తొమ్మిదికి అప్పు ఉంది.

ఈ అప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మండల కేంద్రంలో ఉండే ఫర్టిలైజర్ షాపు దాకా వెళ్లాలి.

ఉద్దెర షాపు ఒక యాప్ లాంటిది

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి వెండర్ లాక్-ఇన్ అనే మాట తెలిసే ఉంటుంది. ఒక కంపెనీ క్లౌడ్ వాడటం మొదలుపెడతాం. మొదట్లో చవక. తర్వాత డేటాబేస్ వాళ్లదే, స్టోరేజీ వాళ్లదే, సపోర్టు వాళ్లదే. బయటకు రావాలంటే మొత్తం తిరగరాయాలి. అందుకని బిల్లు పెరిగినా నోరు మూసుకుని కడతాం.

పల్లెలో ఉద్దెర షాపు అంతకంటే పాత మోడల్. విత్తనం అక్కడే, యూరియా, డీఏపీ అక్కడే, పురుగుమందు అక్కడే. ఆకు మీద మచ్చ కనిపిస్తే కోసుకుని తీసుకెళ్లి చూపించేదీ అక్కడే. అంటే డాక్టరు, మెడికల్ షాపు, ఫైనాన్స్ కంపెనీ ముగ్గురూ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. మందు అమ్మితే లాభం వచ్చే మనిషినే 'మందు కొట్టాలా వద్దా' అని అడుగుతున్నాం. ఏం చెబుతాడు? ఆయన చెడ్డవాడని కాదు. ఆయన వ్యాపారం అది. ఆయనకూ పైన డీలర్ ఉంటాడు, టార్గెట్లు ఉంటాయి.

డబ్బులు వెంటనే ఇవ్వక్కర్లేదు. ఖాతాలో రాసుకుంటాడు. పంట వచ్చాక కట్టొచ్చు. వడ్డీ ఎంత? 'నూటికి రెండ్రూపాయలు' అంటారు. చాలా తక్కువగా వినిపిస్తుంది కదా. అది నెలకి. ఏడాదికి 24 శాతం. కొన్నిచోట్ల మూడు రూపాయలు, అంటే 36 శాతం. మన క్రెడిట్ కార్డు కంపెనీలు పేజీ చివర చిన్న అక్షరాల్లో వేసే రేటు ఇదే.

బ్యాంకులో పంట రుణం లేదా అంటే ఉంది. మూడు లక్షల దాకా 7 శాతం, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. కానీ దానికి పట్టాదారు పాస్‌బుక్ కావాలి. కౌలుకు చేసేవాడి దగ్గర పాస్‌బుక్ ఉండదు. భూమి యజమాని హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు, రైతు భరోసా డబ్బులు కూడా ఆయన ఖాతాలోనే పడతాయి. పొలంలో దిగినవాడికి మిగిలేది ఉద్దెర షాపే.

మా చిన్నాయన పత్తి పెడతాడు. ఒకసారి ఫోన్లో అడిగాను, "చిన్నాయనా, ఈ ఏడు ఎకరానికి ఎంత పెట్టినవ్?" అని.

"ఏమో రా, లెక్క చూడలే."

"రాసి పెట్టుకోలేదా?"

"రాసుడెందుకురా, షాపాయన రాసుకుంటడు గదా."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ ఒక్క మాటలో మొత్తం సమస్య ఉంది. ఖర్చు రైతుది, పుస్తకం మాత్రం షాపాయనది. ఎకరానికి ఎంత పెట్టావో నీకే తెలియకపోతే, ఎంతకు అమ్మితే గిట్టుబాటో ఎలా తెలుస్తుంది?

గొంగళి పురుగు నేర్పిన టీమ్ వర్క్

ఏనబావి ఉన్న ప్రాంతం ఎక్కువగా మెట్ట. ఎర్ర నేలలు, బావులు, బోర్లు, వాన మీద ఆధారం. 1990లలో ఈ చుట్టుపక్కల ఆముదం వేసే రైతులకు పెద్ద బెడద ఎర్ర గొంగళి పురుగు. ఒళ్లంతా వెంట్రుకలు ఉంటాయి. పెద్దదయ్యాక మందు కొట్టినా ఓ పట్టాన చావదు. ఒక చేను తినేసి, దండుగా నేల మీద పాక్కుంటూ పక్క చేనుకు వెళ్తుంది.

దీన్ని పట్టుకోవాలంటే దాని జీవితచక్రం తెలియాలి. వేసవిలో అది మట్టిలో నిద్రావస్థలో ఉంటుంది. తొలకరి వానలు పడగానే రెక్కల పురుగై బయటికి వస్తుంది, గుడ్లు పెడుతుంది. కాబట్టి మందు లేకుండా ఆపడానికి మూడు చోట్ల అవకాశం ఉంది. వేసవిలో లోతుగా దున్నితే మట్టిలో ఉన్నవి పైకొచ్చి ఎండకు చస్తాయి, పక్షులు ఏరుకు తింటాయి. తొలకరి పడిన రోజుల్లో రాత్రిపూట చేలల్లో మంటలు వేస్తే రెక్కల పురుగులు వెలుతురుకు వచ్చి పడతాయి. అప్పటికీ మిగిలినవి పాకుతూ వస్తుంటే, చేను చుట్టూ కాలువ తీసి అందులో జిల్లేడు ఆకు వేస్తే అక్కడే ఆగుతాయి.

ఇందులో ఖరీదైన టెక్నాలజీ ఏమీ లేదు. కానీ ఒక షరతు ఉంది. ఒక్కడే చేస్తే లాభం లేదు. నువ్వొక్కడివే మంట వేస్తే పక్క చేలల్లో పురుగు అలాగే ఉంటుంది, నీ చేను దున్నితే పక్కోడి చేలోంచి దండు వస్తుంది. అందరూ ఒకే వారంలో, ఒకే రాత్రుల్లో చేయాలి. పురుగుమందు డబ్బా మాత్రం ఒక్కడు కొనుక్కుని ఒక్కడే కొట్టుకోవచ్చు. మందు లేని పద్ధతికి ఊరంతా కావాలి. తేడా అక్కడుంది.

జనగామ ప్రాంతంలో పనిచేసే క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులతో ఈ పనులు చేయించింది. తర్వాత సెంటర్ ఫర్ సస్టెయినబుల్ అగ్రికల్చర్ తోడైంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1997-98లో, ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుల్ని కుదిపేసిన సీజన్ వచ్చింది. అకాల వానలు, వాటి వెంటే పొగాకు లద్దె పురుగు. డబ్బాల మీద డబ్బాలు కొట్టినా పురుగు చావలేదు. పంట పోయింది, మందుల అప్పు మిగిలింది. అప్పుల్లో మునిగిన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. చాలామంది తాగింది కూడా ఆ పురుగుమందే. మా తరం స్కూల్లో చేరకముందు జరిగిన సంగతి ఇది. మా అమ్మానాన్నల తరానికి మాత్రం ఇంకా నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంటుంది.

ఆ నేపథ్యంలో ఏనబావి ఏం చేసిందో చూడండి. ఒక్కరాత్రిలో అన్నీ ఆపేయలేదు. ముందు పురుగుమందు మానింది. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, జిగురు పూసిన పసుపు అట్టలు, లింగాకర్షక బుట్టలు, పత్తి చుట్టూ ఎర పంటగా ఆముదం, బంతి... ఇలాంటివి వాడుకలోకి వచ్చాయి. అది నిలబడ్డాక రసాయన ఎరువుల వంతు. పశువుల ఎరువు, చెరువు పూడిక మట్టి, వానపాముల ఎరువు, జీవామృతం. కొన్నేళ్ల పాటు మెట్టు మెట్టుగా ఎక్కాక 2006లో ఊరు మొత్తం ప్రకటన చేసింది. మన భాషలో చెప్పాలంటే, ముందు టెస్టింగ్, తర్వాత ఒక్కో మాడ్యూల్, చివర్లో రిలీజ్.

దీనికి పూర్తి రివర్స్‌లో జరిగింది శ్రీలంకలో. 2021లో గోటబయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని దేశం మొత్తానికీ ఒక్కసారిగా ఆపేసింది. రైతుల దగ్గర ప్రత్యామ్నాయం లేదు, శిక్షణ లేదు, కావాల్సినంత సేంద్రియ ఎరువు లేదు. వరి దిగుబడి పడిపోయింది, బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఆరేడు నెలలకే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. యాభై ఇళ్ల ఊరు ఏళ్లు పట్టి చేసిన పనిని రెండు కోట్ల జనాభా ఉన్న దేశం ఒక్క ఆర్డర్‌తో చేయబోయింది.

ఒక ఎకరం లెక్క

సరే, అసలు ప్రశ్న. మందులు మానేస్తే డబ్బులు మిగులుతాయా?

ఒక ఎకరం పత్తి తీసుకుని లెక్క వేద్దాం. ఇవి ఏనబావి అంకెలు కావు, అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. మీ ఊరి అంకెలు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి.

ఎరువులు, పురుగుమందులకు షాపులో 15,000 రూపాయలు ఉద్దెర అనుకుందాం. నూటికి రెండు రూపాయల చొప్పున ఏడు నెలలకు వడ్డీ 2,100. మొత్తం 17,100.

ఇప్పుడు మందులు మానేశారు. వేప గింజలు, బెల్లం, పప్పుల పిండి, డ్రమ్ములు లాంటి వాటికి 3,000. కషాయాలకు, కలుపుకు అదనపు కూలీ 4,000. మొత్తం 7,000. ఇది చిన్న మొత్తం కాబట్టి ఇంట్లోంచే పెట్టారు, వడ్డీ లేదు. అంటే మిగులు 10,100.

దిగుబడి ఒక క్వింటాల్ తగ్గిందనుకోండి. మద్దతు ధర లెక్కన 8,110 పోయింది. అయినా ఇంకా 1,990 లాభంలోనే ఉన్నారు. రెండు క్వింటాళ్లు తగ్గితే? 16,220 పోయింది. ఇప్పుడు 6,120 నష్టం. కాబట్టి 'మందు మానేయ్, కోటీశ్వరుడివైపో' అనే వీడియోలు నమ్మకండి. మారిన మొదటి రెండు మూడేళ్లలో దిగుబడి తగ్గే అవకాశం ఉంటుంది. నేలలో సేంద్రియ పదార్థం పెరిగేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపికకు కూడా డబ్బులు కావాలి.

ఇక్కడిదాకా యావరేజ్ సీజన్ మాట. అసలు తేడా చెడ్డ సీజన్‌లో తెలుస్తుంది.

వాన పూర్తిగా దెబ్బకొట్టి ఇద్దరికీ మూడేసి క్వింటాళ్లే వచ్చాయనుకోండి. ఇద్దరి చేతికీ 24,330 వస్తుంది. దున్నకం, విత్తనం, పత్తి ఏరే కూలీ ఇద్దరికీ ఉంటాయి. కానీ ఒకరు షాపులో 17,100 కట్టాలి, ఇంకొకరు పెట్టింది 7,000. మొదటాయన బాకీ మొత్తం తీర్చలేడు. మిగిలింది వచ్చే ఏడాది ఖాతాలోకి వెళ్తుంది, దాని మీద మళ్లీ రెండ్రూపాయలు. మూడు నాలుగేళ్లలో ఒక చెడ్డ సీజన్ వచ్చినా ఖాతా ఎప్పటికీ మూతపడదు. రెండో ఆయనకు ఆ ఏడు కష్టంగానే గడుస్తుంది. కానీ అది ఆ ఏడుతో అయిపోతుంది.

నా దృష్టిలో ఏనబావి మోడల్ అసలు విలువ ఇదే. మంచి ఏడాదిలో ఎంత ఎక్కువ సంపాదిస్తావు అన్నదాని కంటే, చెడ్డ ఏడాదిలో ఎంత లోతుకు పడతావు అన్నదే రైతు కుటుంబం నిలబడుతుందా లేదా తేలుస్తుంది. మెట్ట ప్రాంతంలో చెడ్డ ఏడాది రాదు అని ఎవరూ చెప్పలేరు. తక్కువ పెట్టినవాడు తక్కువ లోతుకు పడతాడు, త్వరగా లేస్తాడు.

మరి పక్క ఊళ్లన్నీ ఎందుకు మారలేదు?

లెక్క ఇంత క్లియర్‌గా ఉంటే ఈ పాటికి తెలంగాణ మొత్తం ఏనబావి అయిపోవాలి కదా? కాలేదు. రైతులకు తెలివి లేక కాదు, దానికి గట్టి కారణాలే ఉన్నాయి.

ఒకటి, పశువులు. జీవామృతానికి రెండు వందల లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి వేయాలి. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు పోయాయి. మేపేవాళ్లు లేక ఆవులూ తగ్గాయి. కొట్టమే లేని ఇంట్లో పేడ ఎక్కడిది? కొనాలి. కొంటే అదీ ఖర్చే.

రెండు, కష్టం. ఎకరానికి ఐదు కిలోల వేప పొడి నానబెట్టి, వడకట్టి, వంద లీటర్ల నీళ్లలో కలిపి కొట్టాలి. గింజలు వేసవిలోనే ఏరి, ఎండబెట్టి దాచుకోవాలి. ఈ పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల మీద పడుతుంది. కలుపు మందు ఒక్క రోజులో చేసే పనికి పది మంది కూలీలు కావాలి. కూలీలు దొరికితే కదా. 'ఇన్‌పుట్ కాస్ట్ తగ్గింది' అని ఎక్సెల్‌లో రాసుకునే ముందు, ఇంట్లో అమ్మ చేసిన పనికి కూడా ఒక కాలమ్ పెట్టాలి.

మూడు, యూరియా చవక. 45 కిలోల బస్తా రైతుకు దాదాపు 266 రూపాయలకే వస్తుంది. అసలు ఖర్చులో చాలా భాగం కేంద్రం సబ్సిడీగా భరిస్తుంది. అంత చవగ్గా దొరికేదాన్ని వదిలి ట్రాక్టర్ల కొద్దీ చెరువు మట్టి తోలించుకోమంటే ఎంతమంది ముందుకొస్తారు? ఆ మట్టికి, ఆ పేడకు బస్తా యూరియాకు ఉన్నంత సబ్సిడీ లేదు.

నాలుగు, కౌలు. పూడిక మట్టి, పశువుల ఎరువు ఈ ఏడాది వేస్తే ఫలితం మూడు నాలుగేళ్లు ఉంటుంది. ఏడాది కౌలు మీద ఉన్నవాడు ఆ పని ఎందుకు చేస్తాడు? వచ్చే ఏడాది ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. అద్దె ఇంటికి మనం టైల్స్ వేయిస్తామా?

ఐదోది, అన్నింటికంటే పెద్దది, ఊరి సైజు. యాభై ఇళ్ల ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. రాత్రిపూట ఎవరైనా మందు డబ్బా తెచ్చుకుంటే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. చెట్టు కింద కూర్చుంటే గంటలో నిర్ణయం అయిపోతుంది. రెండు వేల ఇళ్ల ఊళ్లో, నాలుగు పార్టీలు, ఆరు వాట్సాప్ గ్రూపులు ఉన్నచోట అది ఇంత తేలిక కాదు. మనం చిన్న ఊరంటే వెనకబడిన ఊరనుకుంటాం. ఈ విషయంలో చిన్నగా ఉండటమే ఏనబావికి కలిసొచ్చింది.

అలాగని ఇది ఒక్క ఊరితో ఆగిపోలేదు. అంతకుముందే ఖమ్మం జిల్లా పునుకుల పురుగుమందులు మానేసిన ఊరిగా పేరు తెచ్చుకుంది. ఇలాంటి ఊళ్లను చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగును వేల ఊళ్లకు తీసుకెళ్లింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి పునాది అక్కడే ఉంది. అక్కడ కూడా యూనిట్ ఒంటరి రైతు కాదు, ఊళ్లోని మహిళా సంఘమే. గొంగళి పురుగు దగ్గర నేర్చుకున్న పాఠమే అది.

అమ్మేచోట మాత్రం పాత కథే

ఖర్చు తగ్గించుకోవడం ఊరి చేతిలో ఉంది, చేసి చూపించింది. అమ్మకం మాత్రం ఊరి చేతిలో లేదు.

మార్కెట్ యార్డుకు వడ్లు తీసుకెళ్తే మందు కొట్టిన వడ్లు, కొట్టని వడ్లు రెండూ ఒకే కుప్ప. ఐకేపీ సెంటర్‌లో తేమ చూస్తారు, తాలు చూస్తారు. ఎలా పండించావని ఎవరూ అడగరు. అదే బియ్యం నగరంలో ఆర్గానిక్ స్టోర్‌లో మామూలు బియ్యం కంటే ఎంత ఎక్కువ పలుకుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. ఆ మధ్యలో ఉన్న తేడా ఎక్కడికి పోతోంది? మర, ప్యాకింగ్, రవాణా, షాపు అద్దె, సర్టిఫికెట్. వీటిలో ఏ ఒక్కటీ యాభై ఇళ్ల ఊరు ఒంటరిగా పెట్టుకోగలిగేది కాదు.

సర్టిఫికెట్ సంగతి కాస్త తెలుసుకోవాలి. మన దేశంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌పీఓపీ. బయటి ఏజెన్సీ వచ్చి తనిఖీ చేస్తుంది, ఎగుమతికి ఇదే కావాలి, ఖర్చు ఎక్కువ. రెండోది పీజీఎస్-ఇండియా. ఇందులో ఊళ్లోని రైతులే కనీసం ఐదుగురు ఒక గ్రూపుగా ఏర్పడి, ఒకరి పొలం ఇంకొకరు చూసి, గ్యారంటీ ఇచ్చుకుంటారు. మన కోడ్ రివ్యూ లాంటిదన్నమాట. ఎవరైనా తప్పు చేస్తే గ్రూపు మొత్తానికి చెడ్డపేరు. చిన్న ఊళ్లకు సరిపోయే పద్ధతి ఇది. ఈసారి ఆర్గానిక్ ప్యాకెట్ కొనేటప్పుడు పీజీఎస్ గుర్తో ఎన్‌పీఓపీ గుర్తో ఉందా అని చూడండి. ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు.

ఒక ఊరి నుంచి నేరుగా పది ఇళ్లు కలిసి ఏడాదికి సరిపడా బియ్యం, కందిపప్పు ముందే మాట్లాడుకుని కొంటే ఇంకా మంచిది. రైతుకు పంట వేసేటప్పుడే కొనేవాళ్లెవరో తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గొడవల మధ్య ఈ ఒక్క మెసేజ్ కూడా పెట్టొచ్చు.

ఈ పండక్కి ఊరెళ్తే

మనలో చాలామందికి ఊళ్లో రెండెకరాలో నాలుగెకరాలో ఉన్నాయి. నాన్నో, చిన్నాయనో, కౌలుకు తీసుకున్న పక్కింటాయనో చేస్తున్నారు. వాళ్లకు ఆర్గానిక్ మీద లెక్చర్ ఇవ్వకండి. వాళ్లకు మనకంటే ఎక్కువే తెలుసు. మనకు వచ్చిన పని ఒకటుంది, అది చేద్దాం. లెక్క రాయడం.

ఫోన్లో ఒక షీట్ ఓపెన్ చేయండి. తేదీ, ఏం కొన్నాం, ఎంత, ఉద్దెరా నగదా, వడ్డీ ఎంత, ఎవరి కష్టం ఎన్ని రోజులు. ఈ ఆరు కాలమ్స్ చాలు. షాపాయన దగ్గరున్న ఖాతా పుస్తకం ఫొటో తీసుకుని ఎక్కించండి. ఒక్క సీజన్ పూర్తిగా రాస్తే చాలు, క్వింటాల్ ఎంతకు అమ్మితే గిట్టుబాటో తెలిసిపోతుంది. అవసరం ఉండి కొట్టిన మందు ఏదో, షాపాయన చెప్పాడని కొట్టిన మందు ఏదో కూడా బయటపడుతుంది. ఆ రెండో రకం ఒక్కటి తగ్గించుకున్నా వడ్డీతో సహా మిగులుతుంది. దానికి ఊరంతా మారాల్సిన పని లేదు.

పక్కింటాయన కూడా తన లెక్క రాసి, ఇద్దరూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారా, అక్కడ్నుంచి ఊరు మాట్లాడుకోవడం మొదలవుతుంది. ఏనబావికి చెరువు మట్టి తోలుకున్నంత అవసరంగానే ఆ మాటలూ అవసరమయ్యాయి.